వంతెన ఎక్కని పెళ్ళిబండి

మా పెళ్ళి మే నెలలో జరిగింది. డెల్టాలో కాలవలు కట్టేసిన రోజులు. నీళ్ళు లేక అడుగు బీటలు వారిన కాలవల్లో పడవలు పక్కకి ఒరిగి పడి ఉండేవి. మా ఊరు గుడివాడకీ గుడ్లవల్లేరుకీ మధ్యన ఉంటుంది. మా నాన్న కూలికి వెళ్తూనే నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించాడు. నేను మా ఊరి మిషను బళ్ళో చిన్న తరగతులకి పాఠాలు చెప్పేదాన్ని.

పెళ్ళికొడుకుది బందరు. మిలిటరీలో డ్రైవింగు నేర్చుకుని, యుద్ధం అయ్యాక తిరిగొచ్చి కొన్నాళ్ళు బస్సు నడిపారట. తరవాత అన్నదమ్ములిద్దరూ కలిసి, మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత పికప్పు వ్యాను ఒకటి కొన్నారు. ముందు ముగ్గురు పట్టే సీటు, వెనక చెక్కలు కొట్టిన తొట్టి. దివిసీమ నుంచి అరటిగెలలు, పసుపు బస్తాలు బందరు తెచ్చేవారు. కూచిపూడి భాగవతుల పెట్టెలు ఏ ఊళ్ళో ఆట ఉంటే ఆ ఊరికి చేరవేసేవారు. క్రైస్తవ సభలు జరిగితే బల్లలూ హార్మోనియాలూ ఆ బండిలోనే వెళ్ళేవి.

పెళ్ళిచూపులనాడు ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వెళ్ళేముందు మా నాన్నతో మాత్రం, "మీ ఊళ్ళోకొచ్చే వంతెన బాగా ఎత్తండీ" అన్నారు. అల్లుడు కాబోయేవాడు ఇదేం మాట అని మా అమ్మ రెండు రోజులు గొణుక్కుంది.

ఆ మాట ఎందుకన్నారో బండి ఎక్కాకగాని నాకు తెలియలేదు. మా వైపు నేల అరచేతిలా చదునుగా ఉంటుంది. గుట్టలేవు, కొండల్లేవు. బండి ఎక్కాల్సిన ఎత్తులంటూ ఉంటే అవి కాలవ వంతెనలే. బరువు వేసుకుని తిరిగే డ్రైవరుకి ఒక ఊరు గుర్తుండేది దాని వంతెనతోనే.

చర్చిలో పెళ్ళి, పందిట్లో భోజనాలు అయ్యాక, ఎండ కాస్త వాలుతుండగా బయలుదేరాం. పెళ్ళికొడుకే డ్రైవరు. మెళ్ళో దండ స్టీరింగుకి అడ్డం పడుతుంటే తీసి ఎదుటి అద్దానికి తగిలించారు. మధ్యలో మా అత్తగారు, ఈ చివర నేను. వెనక తొట్టిలో మగపెళ్ళివారంతా, నా ట్రంకుపెట్టె, చాపల చుట్ట, దారిలో తాగడానికి నీళ్ళ కుండ. బండి ఎక్కేటప్పుడు ఒకటి గమనించాను. డ్రైవరు వైపు తలుపు వెనకాల పెట్రోలు పోసే చోట ఇత్తడి మూత ఉంది. రంగు వెలిసిన ఆ బండి మొత్తానికి అదొక్కటే కొత్తది. పైన విచ్చుకున్న పువ్వు చెక్కి ఉంది. పెళ్ళికని సింగారించారు కాబోలు అనుకున్నాను.

మా ఊరి వంతెన సునాయాసంగా ఎక్కింది. గుడ్లవల్లేరు దాటాక వచ్చిన వంతెన మీద మాత్రం సగం దూరం వెళ్ళేసరికి ఇంజను గొంతు మారిపోయింది. ఆయన కింది గేరు వేసి గట్టిగా తొక్కారు. తొక్కినకొద్దీ బండి ఇంకా నీరసించింది.

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు.

"లాగట్లేదమ్మా. తొక్కుతుంటే ఊపిరాడనట్టు చేస్తోంది."

బండి ఆగిపోయింది. వెనకున్నవాళ్ళంతా దిగారు. మా అత్తగారి చెల్లెలు, నేను తరవాత పిన్నిగారని పిలవడం మొదలుపెట్టిన ఆవిడ, నా ట్రంకుపెట్టె మీద చెయ్యి వేసి కదిపి చూసింది.

"అమ్మో, ఇందులో రాళ్ళు తెచ్చుకుందా ఏంటి కొత్తకోడలు?"

"పుస్తకాలంట పిన్నీ" అన్నారెవరో.

"అదీ సంగతి! బండి మాత్రం ఎంతని లాగుద్ది?"

అందరూ నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దిగబోతుంటే ఆయన, "మీరు దిగకండి, కూర్చోండి" అన్నారు. మగపెళ్ళివారి నవ్వు ఇంకా పెరిగింది. "పెళ్ళాన్ని అండీ అంటున్నాడ్రోయ్!" అని ఒకరు అరిచారు. ఆయన ముఖం కందిపోయింది. "టీచరుగారు కదా" అని మెల్లగా గొణిగారు.

నేను దిగాను. తెల్ల పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, అందరితో పాటు తొట్టి వెనక చెక్కకి చేతులానించి తోశాను. వంతెన దిగాక కూడా బండి ఈడ్చుకుంటూనే నడిచింది. తరవాతి వంతెన దగ్గర మళ్ళీ దిగాం, ఆ పైది వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే దిగేశాం. చివరికి కాలవ లాకుల దగ్గర చెట్టునీడలో ఆగి మంచినీళ్ళు తాగాం. అత్తగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఆయన ఇత్తడి మూత తీసి, వెదురుపుల్ల లోపల పెట్టి పెట్రోలు ఎంతుందో చూసుకుని మళ్ళీ బిగించారు. ఆ తరవాత బండి బందరు దాకా ఎక్కడా ఆగకుండా, ప్రతి వంతెనా ఒక్క ఊపులో ఎక్కేసింది.

"చూశారా ప్రార్థన బలం!" అన్నారు అత్తగారు. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ఆ జబ్బు అంతటితో పోలేదు. బందరులో నా కాపురం మొదటి నెలంతా ఆ బండి జబ్బుతోనే గడిచింది. గుడివాడ మేస్త్రీ ఒకాయన ప్లగ్గులు తీసి గీకి, పాయింట్లు సర్ది, తానే ఎక్కి ఊరి చివరిదాకా నడిపి, "గుర్రంలా ఉందండీ" అన్నాడు. బండి ఇంటికి తెస్తుంటే సగం దారిలో అదే వరస. బందరులో ఇంకో మేస్త్రీ కార్బురేటరు విప్పి ఊది శుభ్రం చేశాడు. అదీ గుర్రంలానే పరిగెత్తింది, ఊళ్ళో తిరిగినంతసేపూ. మూడో ఆయన, "ఎండండీ ఇది. పైపులో పెట్రోలు ఆవిరైపోయి గాలిబుడగ అడ్డం పడుతోంది. తడిగుడ్డ చుట్టండి" అని చెప్పాడు. నా పాత చీర ఒకటి చింపి ఇచ్చాను. రోజూ పొద్దున్నే ఆ గుడ్డ తడిపి బండిలో పెట్టడం నా పనైంది. పని పూర్తయి బండి ఇంటికి రాగానే ఇంజను చప్పుడు వినే, ఆ పూట దారిలో ఏం జరిగిందో ఆయన నోరు విప్పకముందే నాకు తెలిసిపోయేది.

అప్పటికింకా మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. అన్నం పెట్టేటప్పుడు, "ఇవాళ ఎలా ఉందండీ?" అని నేను అడిగేది బండి గురించే. ఆయన చెప్పేదీ బండి గురించే. ఇప్పుడు తలుచుకుంటే, మేమిద్దరం చనువు పెంచుకున్నది ఆ కబుర్లతోనే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పళ్ళెం ముందు కూర్చుని, ముద్ద చేతిలోనే ఉంచుకుని, "వంతెన మీదకి వచ్చేసరికి చూడండీ..." అని ఆయన మొదలుపెట్టే తీరు మాత్రం నిన్నటిలా ఉంది.

ఇంట్లో బావగారు, అంటే ఆయన అన్నగారు, విసిగిపోయారు. "వాల్వులు పోయుంటాయిరా. ఇంజను మొత్తం విప్పాలి. అది విప్పించే కన్నా పాత ఇనుములోకి అమ్మేద్దాం" అన్నారు ఒకరోజు అరుగు మీద కూర్చుని. ఆ పక్కనే పిన్నిగారు ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించే అన్నారు గాని నాకు వినపడింది.

"మొన్నటిదాకా బాగానే ఉందిగా బండి. ఆ పిల్ల ఎక్కిన రోజు నుంచేగా ఇదంతా."

నేను వంటింట్లో గంజి వారుస్తున్నాను. చూసుకోక కాస్త పాదం మీద ఒలకబోసుకున్నాను. ఆ వెంటనే అత్తగారి గొంతు వినిపించింది. "అదేం మాటే! నువ్వూ ఎక్కావుగా ఆ రోజే. నీ వల్లేమో!" పిన్నిగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా నా మనసులోంచి అది పోలేదు.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలారు. మొదటి వానలు పడి ఎండ తగ్గింది. బండి జబ్బు తగ్గలేదు. తడిగుడ్డ మేస్త్రీ చెప్పింది కూడా కాదన్నమాట.

ఒకరోజు ఆయన, "మోపిదేవి అవతల మా చెల్లెలు ఉంది. మిమ్మల్ని చూడాలంటోంది. అరటిగెలలు ఎక్కించుకురావాలి, వస్తారా?" అన్నారు. బందరులో నాకు ఉద్యోగం ఖాయమైంది గాని బడులు ఇంకా తెరవలేదు. సరేనన్నాను. మేమిద్దరమే కలిసి వెళ్ళిన మొదటి ప్రయాణం అదే. ఘంటసాల వైపు పొలాల్లో నారుమళ్ళు దున్నుతున్నారు. కొత్తనీళ్ళు ఎర్రగా కాలవల నిండా పారుతున్నాయి. ఒరిగిపోయి ఉన్న పడవలన్నీ లేచి నిలబడ్డాయి. దారిలో బండి రెండుసార్లు నీరసించింది. ఆగి కాసేపు ఊరుకుంటే మళ్ళీ నడిచింది.

ఆడపడుచు ఇంట్లో భోజనం చేసి, గెలలు ఎక్కించుకుని, టాంకు నిండా పెట్రోలు పోయించుకుని తిరుగు ప్రయాణమయ్యాం. కృష్ణ పాయ మీదుగా కాలవని దాటించే పులిగడ్డ అక్విడెక్టు దగ్గరి ఎత్తు ఎక్కుతుండగా బండి పూర్తిగా నిలిచిపోయింది. కిందికి జారకుండా నేను దిగి చక్రానికి రాయి పెట్టాను. ఆయన స్టీరింగు మీద తల ఆనించారు.

"అన్నయ్య చెప్పినట్టు అమ్మేయాలేమోనండీ."

ఆ గొంతు విని నాకు జాలేసింది. మిలిటరీ నుంచి వచ్చాక ఆయన సొంతమని చెప్పుకున్నది ఆ బండి ఒక్కటే.

"అమ్మేముందు ఒక్కసారి మనమే చూద్దాం. మా బళ్ళో పిల్లాడికి లెక్క తప్పు వస్తే పలక మొత్తం తుడిచెయ్యం కదండీ. ఒక్కో మెట్టూ చూసుకుంటూ వస్తాం" అన్నాను.

ఆయన తల ఎత్తి నా వైపు చూశారు. "అయితే అడగండి."

"బ్రేకులు పట్టేసుకుంటే బండి లాగదని మీరే ఒకసారి చెప్పారు."

"పట్టేసుకుంటే డ్రమ్ములు కాలిపోతాయి. ముట్టుకు చూడండి."

నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. ఎండకి ఉండే వెచ్చదనమే గాని కాలడం లేదు.

"క్లచ్చు?"

"క్లచ్చు జారితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఇక్కడ ఇంజనే చచ్చిపోతోంది." ఆయనకి హుషారు వచ్చింది. దిగి బానెట్టు ఎత్తి, ప్లగ్గు ఒకటి విప్పి తీగ తగిలించి, నన్ను స్టార్టరు నొక్కమన్నారు. నీలంగా నిప్పురవ్వ ఎగిరింది. "ఇదీ బాగానే ఉంది. ఇక మిగిలింది పెట్రోలే."

కార్బురేటరు దగ్గర పైపు విప్పి, దాని కింద చెంబు పెట్టి, పెట్రోలు పంపుకి ఉన్న చిన్న మీటని చేత్తో కొట్టడం మొదలుపెట్టారు. పెట్రోలు సన్నటి దారంలా వచ్చింది. కాసేపటికి బొట్లు బొట్లుగా మారింది.

"టాంకు నిండుగా పోయించాం కదండీ? కారిపోయిందేమో ఒకసారి పుల్ల పెట్టి చూడండి" అన్నారు, మీట కొడుతూనే.

నేను అటు వెళ్ళి ఇత్తడి మూత పట్టుకుని తిప్పాను. ఒక పట్టాన రాలేదు. లోపలినుంచి ఎవరో లాగి పట్టుకున్నట్టుంది. రెండు చేతులతో బలంగా తిప్పితే 'ఉస్స్' మని పెద్దగా నిట్టూర్చినట్టు చప్పుడై ఊడొచ్చింది. అదే క్షణంలో ముందునుంచి ఆయన కేక వినిపించింది.

"ఏం చేశారు?"

హడలిపోయాను. "ఏం చెయ్యలేదండీ. మూత తీశాను."

"మళ్ళీ పెట్టండి! గట్టిగా బిగించండి."

బిగించాను. ఆయన ఆగకుండా మీట కొట్టారు. చేతులు మార్చుకుని, చెంబు డబ్బాలోకి వంపుకుని, చాలాసేపే కొట్టారు. ధార మెల్లమెల్లగా సన్నబడింది, చివరికి బొట్లయింది. "ఇప్పుడు తియ్యండి!" తీశాను. మళ్ళీ నిట్టూర్పు. పెట్రోలు చివ్వున చెంబులోకి దూకింది.

నాకు అర్థమైంది. "కిరసనాయిలు డబ్బాకి ఒకటే బెజ్జం కొడితే ధార పడదు. అవతల మూల ఇంకోటి కొడితేగాని..."

"లోపలికి గాలి వెళ్ళదు" అని ఆయన అందుకున్నారు. "మూతకి సన్న బెజ్జం ఉండాలండీ. పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి పోవాలి. పాత మూతకి ఉండేది. దీనికి లేదు. కొంతదూరం వెళ్ళేసరికి టాంకు ఊపిరి బిగబట్టేస్తోంది. ఆగితేనో, మూత తీస్తేనో మళ్ళీ మామూలు. అందుకే మేస్త్రీలందరి దగ్గరా బాగానే నడిచింది." నుదురు మీద కొట్టుకున్నారు. "మిలిటరీలో మొదటివారమే చెప్పారు ఈ సంగతి. తెలిసీ తోచలేదు."

"మరి ఈ మూత ఎందుకు పెట్టించారండీ?"

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నారు, తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నారు.

"పాతది దారిలో ఎక్కడో ఊడిపోయింది. గుడ్డ కుక్కి నడిపేవాణ్ణి. కుదుపులకి పెట్రోలు చిందేది, ముందు సీటంతా వాసన. పెళ్ళయ్యాక మీరు ఆ సీట్లో కూర్చోవాలి కదా. చదువుకున్నావిడ, ఆ వాసనకి తల తిరిగి ఇబ్బంది పడతారేమోనని, కోనేరు సెంటరు దగ్గర ఇత్తడి పని చేసే సాయిబుగారితో చెప్పి చేయించాను. వాసన బయటికి రాకూడదన్నాను. పువ్వు ఆయనే సొంతంగా వేశారు, పెళ్ళి కానుకని."

ఆ పిల్ల ఎక్కిన రోజు నుంచే అని పిన్నిగారు అన్న మాట నిజమేనన్నమాట, ఆవిడ అనుకున్న అర్థంలో కాకపోయినా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముఖం తిప్పుకుని కాలవ వైపు చూస్తూ నిలబడ్డాను.

"కోపం వచ్చిందా అండీ?"

"లేదండీ. నాకు పెట్రోలు వాసన ఇష్టమే" అన్నాను. నిజానికి అప్పటిదాకా ఆ వాసన ఇష్టమో కాదో నేను ఆలోచించలేదు.

మూత వదులుగా పెట్టి, పైన గుడ్డ కట్టి బయలుదేరాం. గెలల బరువుతో బండి ఆ ఎత్తు ఎక్కుతుంటే ఆయన చెవి అంతా ఇంజను మీదే పెట్టారు. పైకి చేరాక ఒక్కసారి హారను మోగించారు. ఎదురుగా మనిషి గాని పశువు గాని లేదు.

తిన్నగా సాయిబుగారి కొట్టుకే వెళ్ళాం. తెల్లగడ్డం, సన్నటి మనిషి. సంగతంతా విని మూత చేతిలోకి తీసుకున్నారు. ముఖం చిన్నబోయింది.

"గాలి కూడా దూరకుండా చేశానని నేనే చెప్పాను గదయ్యా."

"అదే ఇబ్బంది అయిందండీ సాయిబుగారూ."

సాయిబుగారు మూతని అటూ ఇటూ తిప్పి, నా వైపు చూశారు. "పువ్వు నడిమధ్యలో పెట్టాల్సొస్తుందమ్మా బెజ్జం. పాడైపోద్దేమో."

"పువ్వుకి మధ్యలో చుక్క ఉంటే ఇంకా బావుంటుందండీ" అన్నాను.

పెద్దాయన నవ్వారు. సన్నటి బెజ్జం వేసి, కుదుపుకి చిందకుండా లోపలివైపు చిన్న రేకు అడ్డంగా అతికారు. ఆ పని అయ్యేదాకా మాకు చెరో గ్లాసు టీ తెప్పించారు. బందరు కొట్లో కూర్చుని నేను టీ తాగడం అదే మొదలు.

బావగారు నమ్మలేదు. ఇంజను విప్పాలన్న పట్టు ఆయన వదల్లేదు. ఆ ఆదివారం చర్చి అయ్యాక మా పుట్టింటికి అందరం బయలుదేరాం. పెళ్ళినాటి జనమే ఇంచుమించు తొట్టిలో ఉన్నారు. గుడ్లవల్లేరు ఇవతల, పెళ్ళిరోజు బండి ఆగిపోయిన వంతెన కనపడగానే పిన్నిగారు చెక్క మీద దబదబా బాదారు. "ఆపరా, ఆపు! దిగుతాం!" ఆయన ఆపలేదు. వంతెన మొదట్లో కింది గేరు కూడా వెయ్యలేదు. బండి అలా అలా ఎక్కేసి అవతలికి దిగిపోతుంటే వెనక అంతా ఒకటే ఈలలు. బావగారు బీడీ వెలిగించుకున్నారు. అమ్మకం మాట మళ్ళీ రాలేదు. అత్తగారు మాత్రం, మూతకి బెజ్జం పెట్టాలన్న బుద్ధి పుట్టించింది కూడా ప్రార్థనేనని చివరిదాకా అంటూ ఉండేవారు.

బడులు తెరిచే రోజు పొద్దున్న పెద్దవాన. నడిచి వెళ్తే తడిసిపోతానని ఆయన బండి తీశారు. ముందు సీటు మీద కూడా పసుపు బస్తాలు వేసి ఉన్నాయి. వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. బడి గేటు దగ్గర దిగేసరికి చీర చెంగు దగ్గరనుంచి మోచేతుల దాకా పసుపే. వరండాలో నిలబడి ఉన్న హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సర్దుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"కొత్త టీచరమ్మా? నలుగు ఇంకా వదల్లేదే!" అన్నారు.

వెనక ఆయన నవ్వు ఆపుకుంటున్నారని తిరిగి చూడకుండానే తెలిసింది. నేనూ నవ్వేసి, చెంగు దులుపుకుంటూ లోపలికి నడిచాను. మూడో తరగతి గదిలో పిల్లలు అప్పటికే అల్లరి మొదలుపెట్టేశారు.